తొమ్మిదో వెర్షన్‌లో నూకాలమ్మ

సింహాచలం నవలని గ్రంథ ప్రగతి మండలిలో ఎవరూ కాదనలేదు. కాదనాలంటే ముందు చదవాలి, చదవాలంటే తెరవాలి. అది తెరుచుకోలేదు, అంతే.

“మీది నాలుగో వెర్షనండీ,” అన్నాడు సూపరింటెండెంటు కృపానందం. సింహాచలం ఇచ్చిన పెన్‌డ్రైవుని చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని తిరిగి ఆయన చేతిలోనే పెట్టాడు. “మండలి ఈ ఏడాది నుంచి తొమ్మిదిలో ఉంది.”

“పుస్తకం కొత్తదే బాబూ. మొన్న సిరిమాను పండక్కి పూర్తి సేసినాను.”

“పుస్తకం కొత్తదేనండీ. పాతది తమరు.”

సింహాచలం విజయనగరం పక్కన మిల్లుపేట మనిషి. జూట్ మిల్లులో మగ్గం తోలాడు, యూనియన్‌కి కరపత్రాలు రాశాడు, మిల్లు మూతపడ్డాక రాతనే కూడు చేసుకున్నాడు. వారపత్రికలకి సీరియళ్లు, బుర్రకథల వాళ్లకి కథలు, ఎన్నికలప్పుడు అన్ని పార్టీలకీ పాటలు, చచ్చినవాళ్లకి సంతాప సందేశాలు. కలాన్ని అమ్ముకోలేదు గానీ అద్దెకి మాత్రం చాలామందికే ఇచ్చాడు. ఊళ్లో ఒక డీటీపీ సెంటరు ఎత్తేస్తుంటే ఒక కంప్యూటరు కొనుక్కున్నాడు. అందులో ‘లిపిసిరి’ అనే రాతల సాఫ్ట్‌వేరు నాలుగో వెర్షనుంది. అది మధ్యమధ్యలో బిగుసుకుపోయేది. అరచేత్తో దాని నెత్తిన ఒక్కటిస్తే కదిలేది. మగ్గం దగ్గర అలవాటైన వైద్యమే.

అద్దె రాతలన్నీ పక్కనపెట్టి తన కోసమని ఒక్క నవల రాసుకున్నాడు. మిల్లు నవల. అందులో అన్నీ ఎంతో కొంత కల్పన. ఒక్క నూకాలమ్మ చావు తప్ప.

యూనియన్ మీటింగుకి జనం పోకుండా మేనేజరు షెడ్డు గేటుకి తాళం వేయించిన రోజది. జనపనార ధూళికి నిప్పంటుకుంది. తాళం తియ్యమని లోపలివాళ్లు గేటు బాదుతూనే ఉన్నారు. మిగిలినవాళ్లు రేకు చీల్చుకుని బయటపడ్డారు, నూకాలమ్మ పడలేదు. మర్నాడు మిల్లువాళ్లు హాజరుపట్టీలో ఆమె పేరుని బ్లేడుతో గీకేశారు. ఆమె ఆ రోజు పనిలోకి రాలేదన్నారు. ఇంటి దగ్గర పోయి ఉంటుందన్నారు. కాలిన శవం ఇంటి నుంచి షెడ్డులోకి ఎలా నడిచొచ్చిందని ఏ అధికారీ అడగలేదు. ఆమె కూతురు దాలమ్మ అప్పటికి చంటిపిల్ల. ఇప్పుడు అదే పాడుబడ్డ గేటు ఎదురుగా ఇడ్లీబండి పెట్టుకుని బతుకుతోంది. సింహాచలాన్ని చిన్నాన్న వరస పెట్టి పిలుస్తుంది. ఆమె కోరింది ఒక్కటే: అమ్మ డ్యూటీలోనే పోయిందని ఎక్కడో ఒకచోట అచ్చులో పడాలి. “ఒక్క ముక్క సాలు సిన్నాన్నా,” అంది. ఆయన మాటిచ్చాడు.

నవలలో ఆ ముక్క ఇలా ఉంది: “నూకాలమ్మ మిల్లులోనే, డ్యూటీలోనే చచ్చిపోయింది. గేటు తాళం తియ్యమంటే మేనేజరు తియ్యలేదు.”

మండలి అచ్చేస్తే ఆ పుస్తకం రాష్ట్రంలో ప్రతి శాఖా గ్రంథాలయానికీ పోతుంది. అందుకే రాజధానికి ఇంత దూరం రైలెక్కి వచ్చాడు.

పాత ఫైలుని కొత్త వెర్షన్‌లోకి మార్చడానికి ఒక బటన్ చాలు. ఆ సంగతి మండలికీ తెలుసు. అయితే మండలి సాంకేతిక ఉపసంఘం దీని మీద లోతుగా ఆలోచించింది. ఫైలు మారినంత మాత్రాన అందులోని ఆలోచన మారుతుందా? నాలుగో వెర్షన్‌లో ఆలోచించిన రచయిత తొమ్మిదిలో ఎక్కి కూర్చుంటే తొమ్మిది పరువేం కావాలి? దాంతో ఒక ఉత్తర్వు పుట్టింది. కృపానందం దాన్ని లేచి నిలబడి చదివాడు.

“ఇందుమూలముగా సమస్త రచయితలకు తెలియజేయునది ఏమనగా, సాధనము నవీకరింపబడిన పిమ్మట సాధకుడు నవీకరింపబడకుండుట పరిపాలనా దృష్ట్యా అసమంజసము. కావున నవీకృత రచయిత ధ్రువపత్రము లేనివారి రచనలు స్వీకరింపబడవు.”

చేసేదేముంది? సింహాచలం నవీకరింపబడడానికి వెళ్లాడు.

శిక్షణ ఏసీ హాల్లో పెట్టారు. చెంప మీద మైకు అతికించుకున్న కుర్రవాడొకడు, రచయిత అనే మాట పాతబడిందనీ, ఇక నుంచి అందరూ ‘ప్రాథమిక వినియోగదారులు’ అనీ చెప్పాడు. జీవితమంతా నవలలు రాసి వేళ్లు వంకరపోయిన పెద్దాయనకి బొటనవేలు ఎక్కడ పెట్టాలో నేర్పాడు. చివర్లో పరీక్ష. ఎవరో రాసిన పేరాని ఒక చోటు నుంచి ఎత్తి ఇంకో చోట అతికించాలి. సొంతంగా రాసినవాళ్లంతా తప్పారు. ఎత్తి అతికించడంలో మొదటి నుంచీ చెయ్యి తిరిగినవాళ్లు ఒకరిద్దరుంటే వాళ్లకి ప్రథమ శ్రేణి వచ్చింది. సింహాచలం రెండో దఫాలో గట్టెక్కాడు.

చనిపోయిన రచయితల సంగతేమిటని ఎవరో అడిగారు. మండలి ఆ ప్రశ్ననీ వదల్లేదు. వాళ్లు తాటాకు మీద రాశారో, కలంతో రాశారో గానీ తొమ్మిదో వెర్షన్‌లో రాయలేదన్నది ఖాయం. కాబట్టి పునర్ముద్రణలన్నీ ఆగాయి. వారసులొచ్చి వాళ్ల తరఫున శిక్షణ పొందవచ్చని సడలింపు ఇచ్చారు. ఒక మహాకవి మనవడు, సిమెంటు డీలరు, తాతగారి పద్యం ఒక్కటీ చదవకుండానే ఆయన్ని ప్రథమ శ్రేణిలో పాస్ చేయించాడు. మరీ పాత కవుల వారసులు ఆధార్ కార్డుతో హాజరు కావాలని పేపర్లో ప్రకటన వేశారు. ఒక ప్రాచీన కవికి వారసులమంటూ నాలుగు జిల్లాల నుంచి దిగి వరండాలో కొట్టుకున్నారు. తత్త్వాలు పాడుకున్న ఒక కుమ్మరాయనకి మాత్రం ఎవరూ రాలేదు. పాఠ్యపుస్తకాల్లోంచి ఆయన్ని తాత్కాలికంగా తీసేశారు.

ధ్రువపత్రం పట్టుకుని మళ్లీ వచ్చిన సింహాచలానికి ఈసారి కృపానందం కుర్చీ వేయించి, నవలని తన చేత్తోనే తొమ్మిదిలోకి ఎక్కించాడు. ఎక్కిస్తూ ఆ వెర్షన్ గొప్ప చెప్పాడు. నాలుగులో ఏదైనా చెరిపితే పోయేది. ఎవరు చెరిపారో దేవుడికి కూడా తెలిసేది కాదు. తొమ్మిదిలో అలా కాదు. చెరిపిన మాట ఎక్కడికీ పోదు, దాని మీద ఎర్రగీత పడుతుంది. చెరిపినవారి పేరు, హోదా పక్కనే అంచులో నిలుస్తాయి. దీన్ని మార్పుల జాడ అంటారు.

“పారదర్శకతండీ,” అన్నాడు కృపానందం, ఆ మాట తనే కనిపెట్టినంత గర్వంగా. “తొమ్మిదిలో ఏదీ పోదు.”

అసలు చిక్కు అక్కడే మొదలైంది.

కాగితం ఫైళ్ల కాలంలో మండలికి ఒక ఆచారముంది. ఫైలు ఏ బల్ల మీదికి వస్తే ఆ బల్ల మనిషి ‘చూశాను’ అని రాసి పొట్టిసంతకం గీకి పక్కకి తోసేవాడు. చూడనక్కర్లేదు, రాస్తే చాలు. ఆ ఒక్క మాట మీద ఎందరో పదవీ విరమణ దాకా క్షేమంగా బతికారు. తొమ్మిదో వెర్షన్‌లో ‘చూశాను’కి చోటు లేదు. ఏదైనా మారిస్తేనే జాడ పడుతుంది. జాడ పడితేనే డైరెక్టరు వరాహమూర్తి గదిలో గోడకున్న పెద్ద తెర మీద ఆ ఉద్యోగి పేరు పచ్చగా వెలుగుతుంది. మార్చనివాడి పేరు బూడిదరంగులో ఉంటుంది. బూడిదరంగులో ఉన్నవాడికి మెమో వెళుతుంది.

దాంతో మండలిలో ఎన్నడూ లేనంత పని మొదలైంది. ఎక్కాల పుస్తకం వచ్చినా ఏదో ఒకటి మార్చక తప్పలేదు. ఏడేళ్లు నలభై తొమ్మిది అనడం పిల్లల మీద ఒత్తిడి పెంచుతుందని ఒకాయన ‘సుమారు యాభై’ చేశాడు. ఆవకాయ పుస్తకంలో ఒక్కో అధికారీ తలా కాస్త ఉప్పు తగ్గించుకుంటూ పోతే చివరికి వచ్చినాయనకి తగ్గించడానికి ఉప్పు మిగల్లేదు, పంచదార కలిపాడు. ఆ ఇద్దరు రచయితలూ ఇప్పటికీ మండలి పక్క వీధిలోకి కూడా రారు.

తరువాత సింహాచలం నవల వంతు వచ్చింది.

మండలి ఆయనకి తన వెబ్‌సైటులోకి ఒక పాస్‌వర్డు ఇచ్చింది. ఇంటి దగ్గర కంప్యూటర్లో తన నవలని తను చూసుకోవచ్చు. ముట్టుకోవడానికి లేదు. పైన ‘చదువుటకు మాత్రమే’ అని రాసుంటుంది. సాయంత్రమయ్యేసరికి ఆయన ముందుగదిలో మిల్లుపేట జనం చేరేవారు. రిటైరైన ఫిట్టర్లు, పీచు దువ్విన ఆడవాళ్లు, బండి కట్టేసి దాలమ్మ. క్రికెట్టు స్కోరు అడిగినట్టు, “ఏటి గురువా, ఇయ్యాల ఏటి మారింది?” అని అడుగుతూ లోపలికి వచ్చేవారు. వాళ్లు చూస్తుండగానే రాజధానిలో ఎవరో బటన్ నొక్కేవారు. తెర మీద ఎర్రగీత జెర్రిలా పాకేది.

మొదట జూనియర్ అసిస్టెంటు ‘చచ్చిపోయింది’ని కొట్టేసి ‘మరణించింది’ అని పెట్టాడు. పోనీలెమ్మనుకున్నారు. కృపానందం దాన్ని కొట్టేసి ‘స్వర్గస్థురాలైంది’ అన్నాడు. నూకాలమ్మకి స్వర్గమిచ్చాడని ఒక ముసలామె సంతోషించింది కూడా. భాషా సంస్కర్త వచ్చి ‘డ్యూటీలోనే’ని ‘విధి నిర్వహణలో’ చేశాడు. అదీ బాగానే ఉందనుకునేలోగా న్యాయ సలహాదారు అందులో నష్టపరిహారం వాసన పసిగట్టి ‘విధివశాత్తు’ అని దిద్దాడు. పరిశ్రమల సమన్వయాధికారి ‘మిల్లులోనే’ కొట్టేసి ‘మిల్లు పరిసర ప్రాంతాల్లో’ అని పెట్టాడు. శవం గేటు దాటి బయటికొచ్చేసింది. బతికుండగా తియ్యని గేటు చచ్చాక ఒక్క బటన్‌తో తెరుచుకుంది.

“మాయమ్మని మళ్లీ ఇంటికి తోలేస్తన్నారు సిన్నాన్నా,” అంది దాలమ్మ. ఆ సాయంత్రం ఇంకెవరూ స్కోరు అడగలేదు.

గోడ తెర మీద నాలుగో తరగతి సిబ్బంది పేర్లు కూడా ఎక్కించేసరికి అటెండరు ప్రతి అధ్యాయంలోనూ పాత్రలకి టీ ఇప్పించాడు. అందరిలోకీ డ్రైవరు చేసిన మార్పే సబబుగా ఉంది. మిల్లు లారీ రివర్సులో వచ్చే చోట హారన్ కొట్టించాడు. ఆ పైన డైరెక్టరు వరాహమూర్తి స్వయంగా దిగాడు. ‘గేటు తాళం తియ్యమంటే మేనేజరు తియ్యలేదు’ అన్న వాక్యం మీద ఈ చివర నుంచి ఆ చివరకి గీత లాగి, కింద ఇలా రాశాడు: ‘భద్రతా ప్రమాణాల దృష్ట్యా ద్వారము యథాస్థితిలో ఉంచబడినది.’

సింహాచలం ఆ మర్నాడే రైలెక్కాడు.

కృపానందం గదిలోకి పోయి, నా పుస్తకం నాకిచ్చెయ్యండి, అచ్చూ వద్దు పిచ్చీ వద్దు అన్నాడు. కృపానందం నొచ్చుకోలేదు. వెనక్కి తీసుకోవడమనేది రచయిత హోదాకి ఇచ్చిన అధికారాల్లో లేదని వివరించాడు. తొలగించడానికీ లేదు. తొలగిస్తే అదీ ఒక మార్పే, దాన్ని పైవారు ఆమోదించాలి.

“నా హోదా ఏటి బాబూ అసలు?”

కృపానందం తెర మీద వెతికాడు. “వాచ్‌మన్‌కి కిందండీ. వాచ్‌మన్‌కి గేటు తెరిచే అనుమతన్నా ఉంది.”

సింహాచలం తెర మీద నూకాలమ్మ పేజీ తీయించాడు. తరువాత, మరి మీరెందుకు మార్చారు బాబూ, ఆ ముక్కలో మీకు కనబడ్డ తప్పేమిటని నెమ్మదిగా అడిగాడు. కృపానందం చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. ఆయనకి పెళ్లికావలసిన చెల్లెలుంది, మచ్చ పడకుండా కాచుకోవలసిన సర్వీసు రిజిస్టరుంది. తను నవల చదవలేదన్నాడు. ఆ పేజీలో కర్సరు ఆగిందిట. ఆగిన చోట మార్చాట్ట. డెబ్బయ్యో పేజీలో ఆగి ఉంటే డెబ్బయ్యో పేజీ మార్చేవాడట.

“ఎవరి మీదా కోపం లేదండీ. బూడిదరంగు మీద భయం, అంతే.”

మిల్లు మేనేజరు కూడా నిప్పంటుకున్న రోజు ఇలాంటి మాటే అన్నాడు, నాకు పైనుంచి ఉత్తర్వు అని. సింహాచలానికి ఆ సంగతి గుర్తొచ్చింది గానీ చెప్పలేదు. చెబితే అది కూడా ఎవడో దిద్దేస్తాడు.

ఇక మిగిలింది చైర్మన్ గారు. ఆయన కవి. జీవితంలోని వెలుగు వైపే చూడాలన్నది ఆయన సిద్ధాంతం, అందుకే ఇంట్లో కూడా నల్లకళ్లద్దాలతో ఉంటారు. పెద్దవారు ఎక్కువ మార్పులు చేస్తే చులకనైపోతామని ఆయన నవల మొత్తానికి ఒకే ఒక్క మాట అనుగ్రహించారు. ఆ మాట వచ్చి నూకాలమ్మ పక్కనే పడింది. ‘చిరునవ్వుతో.’

ఇప్పుడు ఆ ముక్క ఇలా తయారైంది: “నూకాలమ్మ మిల్లు పరిసర ప్రాంతాల్లో విధివశాత్తు చిరునవ్వుతో స్వర్గస్థురాలైంది. భద్రతా ప్రమాణాల దృష్ట్యా ద్వారము యథాస్థితిలో ఉంచబడినది.”

మార్పులు పూర్తయ్యాయి. వాటిని ఖాయం చేసి, గీతలన్నీ తుడిచి, శుభ్రమైన ప్రతి తీయాలి. దానికి ‘అంగీకరించు’ అని ఒక బటన్ ఉంది. అది నొక్కితే ఎర్రగీతలు, పాత మాటలు, అంచులో పేర్లు అన్నీ అచ్చు ప్రతిలోంచి మాయమవుతాయి. సింహాచలం గుండె ఆ బటన్ మీదే ఉంది. అది పడితే నూకాలమ్మ రెండోసారి చచ్చినట్టే, ఈసారి అచ్చులో, ప్రభుత్వ ఖర్చుతో.

కానీ ఆ బటన్ ఎవరు నొక్కాలి?

దీనికోసం విస్తృత సమావేశం జరిగింది. రచయితని ప్రత్యేక ఆహ్వానితుడిగా పిలిచి తలుపు పక్కన స్టూలేశారు. మార్పుని అంగీకరించేవాడు మార్చినవాడికంటే పై హోదాలో ఉండాలన్నది మండలి నియమం. జూనియర్ అసిస్టెంటు మార్పుని సూపరింటెండెంటు అంగీకరిస్తాడు, ఆయనది డైరెక్టరు, డైరెక్టరుది చైర్మన్. మరి చైర్మన్ గారి ‘చిరునవ్వుతో’ని అంగీకరించేదెవరు? ఆయన పైన ఎవరూ లేరు. ఆయనదాన్ని ఆయనే అంగీకరించుకుంటే తన జీతం తనే పెంచుకున్నట్టని ఆడిట్‌వారు అంటారు. కిందివాళ్లు అంగీకరిస్తే, చైర్మన్ గారి మాట బాగుందా లేదా అని తీర్పు చెప్పే ధైర్యం వీళ్లకెక్కడిదని ఆయనకే అనుమానం వస్తుంది. తిరస్కరించడమా, ఆ మాట నోటితో కూడా ఎవరూ అనలేదు. పైగా బటన్ ఒకటే. నొక్కితే అన్నిటినీ ఒకేసారి అంగీకరిస్తుంది. చైర్మన్‌ది వదిలి మిగతావి అంగీకరించడం కుదరదు.

సాఫ్ట్‌వేరు కంపెనీకి రాస్తే, పదో వెర్షన్‌లో ఆ సౌకర్యముంటుందని జవాబొచ్చింది. పదో వెర్షన్ రావడానికి ఏడాది పడుతుంది. ఇక్కడ చూస్తే మార్చి నెలాఖరు. ఈ నెల దాటితే అచ్చుకిచ్చిన నిధులు మురిగిపోతాయి. నిధులు మురగడమంటే మండలిలో చావు కంటే పెద్ద సంగతి. చావుకి కారుణ్య నియామకమన్నా ఉంటుంది.

“యథాతథంగా ముద్రణకు పంపడం తప్ప గత్యంతరము కనిపించుట లేదు,” అన్నాడు వరాహమూర్తి నీరసంగా. “గీతలతో సహా. రచయిత అంగీకారం ఉంటేనే సుమా. ఈయన మొదటి నుంచీ అభ్యంతరపెడుతున్నారు.”

అందరూ స్టూలు వైపు తిరిగారు. అంతవరకూ నేల చూస్తున్న సింహాచలం నెమ్మదిగా లేచాడు. మిల్లు గేట్ల దగ్గర ముప్పయ్యేళ్లు మైకు పట్టిన మనిషి. ఎక్కడ అరవాలో తెలుసు, ఎక్కడ చేతులు కట్టుకోవాలో అంతకన్నా బాగా తెలుసు.

“నాకేటి అభ్యంతరం బాబూ. పెద్దలు ఇంత కష్టపడినారు. తుడిచేస్తే ఆ కష్టం జనానికి ఎలాగ తెలుస్తాది? ఎవులెవులు ఎక్కడెక్కడ సెయ్యేసినారో పేర్లతో సహా అచ్చెయ్యండి. సైర్మన్ బాబుగారి పేరు మటుకు పెద్దక్షరాల్లో ఉండాల.”

చైర్మన్ గారు నల్లకళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఒక రచయిత పాలనా యంత్రాంగం శ్రమని ఇంత సహృదయంతో గుర్తించడం తన అనుభవంలో ఇదే మొదలన్నారు. న్యాయ సలహాదారు తన పేరు పక్కన డిగ్రీలు కూడా పడాలన్నాడు. ఆ మాట విన్నాక ప్రతి ఒక్కరికీ తమ డిగ్రీలు గుర్తొచ్చాయి. కృపానందం ఒక్కడే ఏదో చెప్పబోయి, తన పేరు గోడ మీద పచ్చగా ఉండడం చూసుకుని ఊరుకున్నాడు. తీర్మానం ఏకగ్రీవం. గజిటెడ్ అధికారులు పెట్టిన మాటలు ఆకుపచ్చ రంగులోనూ, తక్కినవారి మాటలూ కొట్టివేత గీతలన్నీ ఎరుపులోనూ ఉండేలా రెండు రంగుల్లో ముద్రించమని ప్రెస్సుకి ఉత్తర్వు వెళ్లింది.

అలా పుస్తకం వచ్చింది. ప్రతి పేజీలోనూ కొట్టేసిన మాట, పక్కన పెట్టిన మాట, అంచులో పెట్టినవారి పేరు, హోదా, డిగ్రీ. రాష్ట్రంలో ప్రతి శాఖా గ్రంథాలయానికీ చేరింది.

జనం ఆ పుస్తకాన్ని చదివిన తీరు మండలి ఊహించినట్టు లేదు. మొదటి పేజీ దాటకుండానే కిటుకు పట్టేశారు. గీత లేని చోట గబగబా పోయి, గీత ఉన్న చోట ఆగి చదివారు. ఎక్కడ గీత దట్టంగా ఉంటే అక్కడ ఏదో ఉందని వేళ్లు పెట్టి వెతికారు. నూకాలమ్మ పేజీలో మరీ దట్టంగా ఉంది కాబట్టి అన్ని ఊళ్లలోనూ ఆ పేజీయే నలిగిపోయింది. కాలేజీ పిల్లలు ‘చిరునవ్వుతో’ అనే మాటని తిట్టుగా వాడడం మొదలెట్టారు. కార్మిక సంఘాలవాళ్లు అంచుల్లో పేర్లు చూసి నేరుగా ఫోన్లు చేశారు. న్యాయ సలహాదారుకి పొద్దున్న పళ్లు తోముకునే వేళ నుంచీ ఒకటే ప్రశ్న: అయ్యా, అది విధి నిర్వహణ కాదని మీకెవరు చెప్పారు? ఆయన డిగ్రీలు కూడా వరసగా చదివి మరీ అడుగుతున్నారు. మిల్లు మేనేజరు కొడుకు, ఇప్పుడు ఎక్కడో పెద్ద హోటలు నడుపుకుంటున్నవాడు, ‘ద్వారము యథాస్థితిలో’ అని రాసిందెవరని డైరెక్టరు మీదే విరుచుకుపడ్డాడుట. తాళం సంగతి అందరూ మరిచిపోయి ఉండగా, గీత గీసి మరీ మీరే గుర్తుచేశారన్నాడుట.

తన పేరు తీసేయమని చైర్మన్ గారు కృపానందాన్ని పిలిపించారు. కృపానందం చేతులు కట్టుకుని, తొమ్మిదిలో ఏదీ పోదండీ అన్నాడు. ఈసారి గర్వంగా అనలేదు.

మండలి అత్యవసరంగా సమావేశమై ఒక ఉత్తర్వు జారీ చేసింది. తొమ్మిదో వెర్షన్ మితిమీరిన పారదర్శకత వలన పాలనా సౌలభ్యమునకు భంగము కలుగుచున్నందున, తక్షణమే నాలుగో వెర్షన్ పునరుద్ధరింపబడుచున్నది. నవీకృత రచయితలందరూ నిర్ణీత గడువులోగా పూర్వస్థితికి వచ్చుటకు మరల శిక్షణకు హాజరు కావలెను. సిమెంటు డీలరు తాతగారిని మళ్లీ తీసుకొచ్చాడు. ఈసారి కూడా ప్రథమ శ్రేణే.

కొత్తగా నాలుగో వెర్షన్ ఎక్కడా అమ్మకానికి దొరక్క, మిల్లుపేటలో ఒకాయన దగ్గర ఉందని విని, మండలివాళ్లు కాపీ కోసం సింహాచలానికి ఫోన్ చేశారు. ఇయ్యడానికి అభ్యంతరం లేదు గానీ తన హోదా వాచ్‌మన్‌కి కింద కదా, పైవారి ఆమోదం పట్టుకు రమ్మన్నాడు ఆయన.

ఆ ఫోన్ వచ్చినప్పుడు ఆయన దాలమ్మ బండి దగ్గరే ఉన్నాడు. పొద్దుటి బేరం అయిపోయింది. గిన్నెలు బోర్లించి, చెయ్యి కొంగుకి రెండుసార్లు తుడుచుకుని పుస్తకం అందుకుంది దాలమ్మ. అయిదు దాకా చదువుకుంది. కూడబలుక్కుని చదవగలదు. ఎదురుగా తుప్పుపట్టిన మిల్లు గేటు, దానికింకా ఆ పాత గొలుసు.

సింహాచలానికి లోపల పీకుతూనే ఉంది. ఎంత చెప్పినా అమ్మ పేరున్న ముక్క మీద గీత పడింది. మాటిచ్చింది ఇలా కాదు. శుభ్రంగా, గీత లేకుండా వేయించలేకపోయానమ్మీ అని చెబుదామనుకున్నాడు.

దాలమ్మ ఆకుపచ్చ మాటల్ని దాటేసింది. అంచులో పేర్లని దాటేసింది. ఎర్రగీత కింద వేలు పెట్టి, గీత వెంబడే, ఒక్కో అక్షరం పైకి చదివింది.

“నూకాలమ్మ… మిల్లులోనే… డ్యూటీలోనే… సచ్చిపోయింది.”

వేలు తియ్యలేదు. సింహాచలం నోరు తెరవబోతుంటే తల అడ్డంగా ఊపింది.

“నువ్వేటీ సెప్పకు సిన్నాన్నా. ఆ మిల్లోలు బ్లేడెట్టి గీకీసినప్పుడు అక్కడ ఎవులున్నారో ఆనమాలు నేకుండా పోనాది. ఈలు కొట్టీసినా మాయమ్మ కనబడతంది. కొట్టీసినోల్లూ కనబడతన్నారు.”